తారక్ ఏడుపు నేర్చుకున్న వానాకాలం

మా ఆయన కామరాజు అమీర్‌పేటలో జావా చెబుతారు. ఎప్పటి నుంచి చెబుతున్నారంటే, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల పిల్లలు ఇప్పుడు ఆయన డెమో క్లాసుకి వచ్చి కూర్చుంటున్నారు. ఇన్నేళ్లలో ఆయనకి బాగా వంటబట్టింది ఒకటే. లోకంలో ఏ పనైనా బ్యాచ్‌లుగా విడగొడితే తెములుతుందని. మా అమ్మాయి సంహిత పెళ్లిలో భోజనాలకి కూడా ఫస్ట్ బ్యాచ్, సెకండ్ బ్యాచ్ అని శుభలేఖ మీద వేయించబోతే నేనే ప్రెస్సుకి పరిగెత్తి ఆపించాను. అలాంటి మనిషి ఉన్న ఇంటికి ఐదు నెలల పసివాణ్ణి తీసుకొస్తే ఏమవుతుందో నేను ముందే ఊహించాల్సింది.

తీసుకొచ్చింది నేనే. సంహిత పెళ్లి చేసుకుని కొంపల్లి వెళ్లిపోయాక ఇంట్లో తిట్టడానికి నాకు మనిషి కరువయ్యాడు. మా ఆయన్ని తిట్టినా ఆయనకి వినపడదు. తల్లిదండ్రులు లేని పసిపిల్లలకి దత్తత తీసుకునేవాళ్లు దొరికేదాకా, వాళ్లని హోంలో ఊయలల వరసలో పడుకోబెట్టకుండా ఎవరింట్లోనైనా పెంచితే మంచిదని ఒక సంస్థ వాళ్లు మనుషులని వెతుకుతున్నారని పేపర్లో చదివాను. ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి ఇల్లు చూశారు. కింద మా ఆయన ఇన్‌స్టిట్యూట్, మధ్యలో మేము, పైన ఆడపిల్లల హాస్టల్. ఇంత సందడి ఉన్న ఇల్లు పిల్లాడికి ఇంకెక్కడ దొరుకుతుంది అన్నాను గర్వంగా.

జూన్‌లో తొలివాన పడిన రోజు సంస్థలో పనిచేసే నవీన వాణ్ణి తువ్వాలులో చుట్టి తెచ్చింది. వాడి పేరు తారక్. ఉన్నదంతా కళ్లే. కొన్ని నెలలే మేడం, తర్వాత వాడి అమ్మానాన్నలు దొరుకుతారు, అప్పుడు ఇచ్చెయ్యాలి, ఇప్పుడే మనసులో పెట్టుకోండి అని ఆ అమ్మాయి నాకు మరీ మరీ చెప్పింది. పెట్టుకున్నానని చెప్పాను. అబద్ధం కాదు, అప్పటికి నిజంగానే పెట్టుకున్నాను.

మర్నాడే మా ఆయన బ్యాచ్‌లు వేసేశారు. పొద్దున స్నానం బ్యాచ్ మా ఇంట్లో పనిచేసే వజ్రమ్మకి. పాల బ్యాచ్ నాకు. మధ్యాహ్నం హాస్టల్లో టెస్టింగ్ కోర్సు పిల్లలు, సాయంత్రం క్లాసులైపోయిన మిగతా పిల్లలు, రాత్రి భోజనం ముందు కాసేపు ఆయన. శని, ఆదివారాలు వీకెండ్ బ్యాచ్, సంహిత. ఫాకల్టీ మారుతుంటే స్టూడెంట్ చురుగ్గా తయారవుతాడని ఆయన సిద్ధాంతం. నాకూ బాగానే అనిపించింది. ఇంటి పని ఆగలేదు, నడుము నొప్పి లేదు, పిల్లవాడు అందరి చేతుల్లోనూ నవ్వుతూ తిరుగుతున్నాడు. గ్యాస్ బండ తెచ్చిన కనకయ్య చేతులు చాస్తే ఆ ఖాకీ చొక్కా మీదకి కూడా హాయిగా వెళ్లిపోయాడు.

అన్నిటికన్నా గొప్ప సంగతి, వాడు ఏడ్చేవాడు కాదు. పాలు ఆలస్యమైనా సరే, నిద్ర లేచి ఒక్కడే ఉన్నా సరే, సీలింగ్ ఫ్యాను చూస్తూ పడుకునేవాడు. మా వాడు బంగారం, గొంతే తెలీదు అని నేను పక్క అపార్ట్‌మెంట్ల వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్నాను. సంహిత పసితనంలో వీధి వీధంతా నిద్ర లేపేదని, వీణ్ణి చూసి నేర్చుకోమని దానికీ చెప్పాను. అది ఫోన్ పెట్టేసింది.

రెండు వారాల తర్వాత నవీన చూడటానికి వచ్చింది. నేను మంచి చీర కట్టుకుని, ఉప్మా చేసి, మెచ్చుకోలు కోసం కూర్చున్నాను. ఆ అమ్మాయి ఉప్మా తింటూ పిల్లాణ్ణే చూస్తోంది. తర్వాత నన్ను చెప్పులేసుకుని కాసేపు బయటికి వెళ్లమంది. నేను వెళ్లి తలుపు వెనకాల చెవి పెట్టుకుని నిలబడ్డాను. లోపల చప్పుడు లేదు. ఆ తర్వాత మా ఆయన్ని పంపింది. ఆ తర్వాత వజ్రమ్మని. మేం ముగ్గురం మెట్ల మీద వరసగా నిలబడ్డాం. లోపల తారక్ ఆ అమ్మాయి గాజులతో ఆడుకుంటున్నాడు. ఎవరు వెళ్లారో, ఎవరున్నారో వాడికి పట్టలేదు.

ఎంత బుద్ధిమంతుడో చూశావా అన్నాను లోపలికొచ్చి. నవీన ప్లేటు కింద పెట్టింది.

“ఏడుస్తలేడని మీరు ఖుషీ అవుతున్నరు మేడం. నాకు గదే ఫికర్. ఏడిస్తె ఎవ్వరు రారని హోంల ఉన్నప్పుడే నేర్చుకుండు వీడు. అందుకే ఏడుసుడు బంద్ చేసిండు. గిక్కడ సుత గంటకొక్కలు ఎత్తుకుంటుండ్రు. వీనికి ఎవలు తనోళ్లో ఎట్ల తెలుస్తది?”

మా ఆయన తప్పు దిద్దిన పేపరు చూసుకుంటున్నట్టు నిలబడ్డారు. మరేం చెయ్యాలని అడిగారు.

“ఒక్కలే చూడాలె సార్. పాలు, స్నానం, నిద్ర, ఏడుపు, అన్నిటికి ఆ ఒక్కలే. ఒక్కల మీద నమ్మకం కుదిరితెనే, రేపు అమ్మానాన్నలొచ్చినంక వాళ్ల మీద కూడ కుదురుతది. ఆ ఒక్కలు గడప దాటితె గీ పోరడు ఇల్లు పీకి పందిరేయాలె. అప్పుడు నాకు ఫోన్ చెయ్యండి.”

అంటే సింగిల్ ఫాకల్టీ అన్నారు మా ఆయన. నవీన ఔనంది. ఎన్నడూ బ్యాచ్ రద్దు చెయ్యని మనిషి ఆ రోజు ఒకేసారి అన్నీ రద్దు చేశారు. హాస్టల్ పిల్లలు మొహాలు వేలాడేసుకుని పైకెళ్లారు. పసివాడికి ఏడుపు నేర్పించే కోర్సు అలా మా ఇంట్లో మొదలైంది.

ఆ ఒక్కరూ ఎవరని చర్చే జరగలేదు. నేనే. ఇంకెవరు? కొంగు బిగించి రంగంలోకి దిగాను. నువ్వుల నూనె కాచి ఒళ్లంతా రుద్దాను, సున్నిపిండి పెట్టాను, సాంబ్రాణి వేశాను. టైము తప్పకుండా పాలు పట్టాను. ఒక చంకలో వాడు, ఇంకో చేత్తో కుక్కరు. వాడికి ఆకలేసేలోపే సీసా నోట్లో ఉండేది, గుడ్డ తడిసేలోపే మారిపోయేది. వాడు మర్యాదగా తాగేవాడు, మర్యాదగా తుడిపించుకునేవాడు. హోటల్లో సర్వరు ప్లేటు పెట్టి వెళ్తే మనం ఎలా చూస్తామో అలా చూసేవాడు నన్ను. నేను గుమ్మం దాటి వెళ్లి, వెనక్కి తొంగి చూసేదాన్ని. ఫ్యాను వైపు చూస్తుండేవాడు. మళ్లీ దాటేదాన్ని. ఇలా రోజూ గడప దాటి దాటి నా మోకాళ్లు పట్టేశాయి కానీ వాడు కిక్కురుమనలేదు.

మా ఆయనకి పిల్లాడితో ఏ పనీ లేదు కాబట్టి ఊరికే పక్కన కూర్చునేవారు. క్లాసు ముందు పాఠం ఒకసారి పైకి చెప్పుకోవడం ఆయన అలవాటు. ఇదివరకు గోడకి చెప్పేవారు, ఇప్పుడు తారక్‌కి చెబుతున్నారు. ‘చూడు నాన్నా, ఇదొక క్లాసు, దీనికి ఒక ఆబ్జెక్టు. అర్థమైందా?’ అని ఆగిపోయేవారు. ఆయనకున్న జబ్బు అది. ఎదుటివాడు ఏదో ఒక శబ్దం చేస్తేగానీ ముందుకి కదలరు. పెళ్లిచూపుల్లో కూడా నన్ను అలాగే అడిగి, నేను సిగ్గుపడి మాట్లాడకపోతే ఉప్మా చల్లారిపోయేదాకా ఆగారు. తారక్ ఆయన మొహంలోకి చూసేవాడు. ఈయన కదలరు. కాసేపటికి వాడు పెదాలు కదిపి ‘ఊ’ అనేవాడు. వెరీ గుడ్ అని ఈయన తర్వాతి లైనుకి వెళ్లేవారు. నేను వంటింట్లోంచి చూసి ఇద్దరికీ పనిలేదనుకున్నాను.

ఆషాఢంలో ఒక ఆదివారం వజ్రమ్మ బల్కంపేట ఎల్లమ్మకి బోనం ఎత్తింది. మా సందులోంచే వస్తాను, చూడమంది. నేను తారక్‌కి కొత్త చొక్కా తొడిగి బాల్కనీలోకి తీసుకెళ్లాను. డప్పులు, తీన్‌మార్ బ్యాండు, ముందు పసుపు పూసుకున్న పోతరాజు. వజ్రమ్మ పట్టుచీరలో తలమీద బోనంతో మెడ కదపకుండా కళ్లతోనే మమ్మల్ని పలకరించింది. అంతలో పోతరాజు సరిగ్గా మా బాల్కనీ కింద ఆగి కొరడా ఝళిపించాడు.

తారక్ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాడు. ఆ తర్వాత మొదలుపెట్టాడు చూడండి, బ్యాండు వినపడలేదు. పుట్టిన దగ్గర నుంచి దాచిపెట్టిందంతా ఒకేసారి తీశాడు. నేను గుండెలకి హత్తుకున్నాను, ఊపాను, పాడాను, వీపు నిమిరాను. వాడు నా చేతుల్లో విల్లులా వెనక్కి వంగిపోయి లోపలి గది వైపే చూస్తూ చేతులు చాస్తున్నాడు. అక్కడ మా ఆయన గడ్డం గీసుకుంటున్నారు. సగం మొహం నురగతో ఏంటి ఏంటి అంటూ వచ్చారు. వాడు నా చంకలోంచి ఆయన మీదకి ఒక్క ఉరుకు ఉరికాడు. మొహం తీసుకెళ్లి ఆ సబ్బు నురగలో పెట్టాడు. ఏడుపు ఆగిపోయింది. కింద బ్యాండు మోగుతూనే ఉంది.

ఆయన ‘భయమేసిందా?’ అని అడిగి, ఆగారు. వాడు వెక్కుతూ ‘ఊ’ అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు? నూనె రాసింది నేను, ముడ్డి కడిగింది నేను, మోకాళ్లు అరగదీసుకుంది నేను. ఆబ్జెక్టులు చెప్పినాయనకి మెడ చుట్టూ చేతులా? ఆ మధ్యాహ్నం సాంబార్‌లో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన మాట్లాడకుండా తిన్నారు. వాడు ఒళ్లో ఉన్నాడు కాబట్టి ఆయనకి రుచి తెలియలేదనుకుంటాను.

నవీనకి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాను. ఆ పిల్ల మస్తు మంచి కబురు చెప్పారని గంతులేసినంత పని చేసింది. నా సంగతేంటి, మళ్లీ నా వైపు తిప్పుకోవడానికి మార్గం చెప్పమన్నాను. “తిప్పుకోవద్దు మేడం. వాడు మనిషిని ఎన్నుకుండు. మనం ఎన్నుకునుడు కాదు,” అంది. ఫోన్ పెట్టేసి, ఉతికిన గుడ్డలే మళ్లీ ఉతికాను.

మర్నాడు పొద్దున్నే తారక్ లేచి రాగం అందుకున్నాడు. ఏడవడం వచ్చాక వాడు ఆగడం మానేశాడు. నేను పక్కనే ఉన్నాను, సీసా కలిపి నా చేతిలోనే ఉంది. వాణ్ణి చూశాను. వాడు నా భుజం మీదుగా తలుపు వైపు చూస్తున్నాడు. నేను వెళ్లి మా ఆయన్ని లేపి, సీసా ఆయన చేతిలో పెట్టి, కింద ఇన్‌స్టిట్యూట్ తాళాలు తీసుకున్నాను.

అప్పటి నుంచి కౌంటర్లో నేను కూర్చున్నాను. ఆయన ఇంట్లోనే ఉండి, పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పారు. అర్థమైందా అని సార్ అడిగితే మాకంటే ముందు బాబే ఊ అంటున్నాడు, మాకు అర్థం కాకపోయినా సార్ తర్వాతి లైనుకి వెళ్లిపోతున్నారు అని స్టూడెంట్లు నా దగ్గర మొర పెట్టుకున్నారు. మీరూ గట్టిగా అనండి అని పంపించాను. కౌంటర్లో నాకు బాగానే సాగింది. రోజంతా తిట్టడానికి కావలసినంతమంది దొరికారు.

ఆయన స్నానానికి వెళ్లినా తారక్ బాత్రూం తలుపు ముందు కూర్చుని గోల. పాకుతూ ఆయన వెనకాలే తిరిగేవాడు. గ్యాస్ కనకయ్యని చూస్తే ఆయన కాళ్ల మధ్య దాక్కునేవాడు. ఒకప్పుడు ఎవరి దగ్గరికైనా వెళ్లే పిల్లాడు ఇలా చెడిపోయాడేంటని కనకయ్య బాధపడ్డాడు. చెడిపోలేదు, బాగుపడ్డాడు అని నేను చెబితే నా వైపు అదోలా చూశాడు.

వినాయక చవితి వెళ్లాక నవీన ఫోన్ చేసింది. దత్తత తీసుకునేవాళ్లు కుదిరారు. యూసుఫ్‌గూడలో ఉంటారు. రాకేశ్‌ది కరెంటాఫీసులో ఉద్యోగం, సుమశ్రీ స్కూలు టీచరు. నేను చెప్పగానే మా ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. ఆ రోజు పాఠం చెప్పలేదు.

ఒకేరోజు వచ్చి పట్టుకుపోవడం కాదని నవీన ముందే చెప్పింది. రోజూ మా ఇంటికి రావాలి. మొదట ఊరికే కూర్చోవాలి, తర్వాత పాలు, తర్వాత స్నానం. క్రాష్ కోర్సు కాదు సార్, రెగ్యులర్ కోర్సు అంది మా ఆయనకి అర్థమయ్యేలా. ఆయన మాత్రం రాకేశ్‌కి ఎంట్రన్స్ పరీక్ష పెట్టారు. ఎన్నింటికి లేస్తారు, గొంతు పెద్దదా, బండి ఎంత స్పీడులో నడుపుతారు. పాపం ఆ అబ్బాయి చేతులు కట్టుకుని జవాబులు చెప్పాడు.

సుమశ్రీ సంగతి అంతకన్నా కష్టం. బొమ్మల సంచితో వచ్చి, రా నాన్నా అని ఎత్తుకుంది. తారక్ ఇల్లు పీకి పందిరేశాడు. మా ఆయన మెడ పట్టుకుని వదల్లేదు. మా ఆయన మొహంలో ఎక్కడో చిన్న సంతోషం కనపడి నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండోరోజూ అదే, మూడోరోజూ అదే. నాలుగోరోజు సుమశ్రీ మంచినీళ్లకని వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, దాని వెనకాల నిలబడి ఏడ్చింది.

నేను ఫ్రిజ్ తలుపు వేశాను. కరెంటు బిల్లు వస్తుందని కాదు, మాట్లాడాలని.

“వానికి నేను నచ్చలే ఆంటీ. నేను అమ్మనైత అనుకున్న గని, వానికి నేనొద్దు,” అంది.

“నన్నూ ఇంతే చేశాడమ్మా. నేను ఆర్నెల్ల పని ఆరు వారాల్లో చేశాను, నా మొహం చూడలేదు.”

నవ్వాలో ఏడవాలో తెలియక నన్ను చూసింది. ఈ ఊళ్లో ఆ అమ్మాయి బాధ తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. మూతి ముడుచుకుని కౌంటర్లో కూర్చున్నన్నాళ్లూ నేను బుర్రలో తిప్పుకున్నదంతా ఆ అమ్మాయికి చెప్పేశాను. ఎత్తుకోవద్దు. కింద కూర్చో. వాడితో ఏదో ఒకటి చెప్పి, ఆగు. ఆయన ఆగుతారు, వాడు పలికేదాకా ఆగుతారు, అదొక్కటే ఆయన చేసింది. నేను వాడికి అన్నీ చేశాను కానీ ఒక్కసారి ఆగలేదు. నువ్వు టీచరువి కదా, నీకు చేతనవుతుంది.

సుమశ్రీ మొహం కడుక్కుని వెళ్లి చాప మీద కూర్చుంది. స్కూల్లో ఆ రోజు ఏం జరిగిందో వాడికి చెప్పింది. ఎవడో పిల్లవాడు చాక్‌పీసు తిన్నాడట. ‘ఏం చెయ్యాలె వాణ్ణి?’ అని అడిగి ఆగింది. తారక్ మా ఆయన మోకాలు పట్టుకుని అనుమానంగా చూశాడు. ఆ రోజు పలకలేదు. ఆ అమ్మాయి రోజూ వచ్చింది, రోజూ అడిగింది, రోజూ ఆగింది. ఒకరోజు తారక్ మోకాలు వదలకుండానే ‘ఊ’ అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను సొరకాయ తరుగుతూ కళ్లు తుడుచుకున్నాను.

ఆ తర్వాత ఒక సాయంత్రం, అందరం హాల్లోనే ఉన్నాం. తారక్ టీపాయ్ పట్టుకుని లేచి నిలబడబోయి జారిపడ్డాడు. నుదురు చెక్కకి తగిలి టప్పుమంది. గుక్కపట్టాడు. మా ఆయన సోఫాలోంచి లేవబోయారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“కూర్చోండి,” అన్నాను.

“అరుణా, వాడికి దెబ్బ తగిలింది.”

“తెలుసు. కూర్చోండి.”

తారక్ ఏడుస్తూ ఆయన్ని చూశాడు. నేను పట్టు వదల్లేదు. అంత గట్టిగా నేను ఆయన చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు. సుమశ్రీ చాప మీదే ఉంది. వాడి దగ్గరికి దూకలేదు. చేతులు చాచి, ‘మస్తు నొప్పి లేసిందా బిడ్డా?’ అని అడిగి, ఆగింది. వాడు ఆమెని చూశాడు. ఏడుస్తూనే ఆమె వైపు పాకాడు. ఒళ్లోకి ఎక్కి, మెడలో మొహం దాచుకున్నాడు. రాకేశ్ ఐసు ముక్కలు తెస్తానని వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు రాలేదు.

మా ఆయన నెమ్మదిగా చెయ్యి విడిపించుకుని బాల్కనీలోకి వెళ్లిపోయారు.

తీసుకెళ్లే రోజు, నిద్రపోతుండగా పంపించేద్దాం, వాడికి తెలియదు అన్నారు ఆయన. నవీన ఒప్పుకోలేదు. చెప్పకుండా మాయమైతే వాడు మళ్లీ ఎవరినీ నమ్మడంది. అందుకని మెలకువగా ఉండగానే, కిందికి దిగి, కారు దగ్గర నిలబడి, మా ఆయన వాడి మొహంలోకి చూసి చెప్పారు. ‘నేను ఇక్కడే ఉంటాను నాన్నా. నువ్వు అమ్మతో వెళ్తున్నావు.’ అంతే చెప్పగలిగారు. తారక్ ఆయన వైపు చేతులు చాచి ఏడ్చాడు. సుమశ్రీ వీపు నిమిరింది. వెనకాల ఆటోలవాళ్లు హారన్లు కొడుతున్నారు. కారు మలుపు తిరిగే ముందు దాని కిటికీలో వాడి తల ఆమె భుజం మీద కనిపించింది. వజ్రమ్మ గేటు దగ్గరే కూలబడి ముక్కు చీదింది. వాడు నా వైపు చూడలేదు. చూస్తాడని ఆశపడ్డాను కూడా.

వారం తర్వాత సుమశ్రీ ఫోన్ చేసింది. మొదట్లో రెండు రాత్రులు వెతుక్కున్నాడట, ఏడ్చాడట. ఇప్పుడు ఆ అమ్మాయి బాత్రూంకి వెళ్లినా తలుపు ముందు కూర్చుని లొల్లి పెడుతున్నాడట. చెబుతూ ఆ అమ్మాయి ఏడ్చింది, సంతోషంతో. మా ఆయనకి చెప్పాను. మంచిది అన్నారు. వాడు మనల్ని మర్చిపోతాడా అని అడిగారు.

“మర్చిపోతాడు,” అన్నాను. “మనం పడ్డ పాటంతా అందుకే కదండీ.”

తల ఊపారు. తర్వాత నేను వంటింట్లోకి వెళ్తే మంచినీళ్లకని వచ్చారు. బాల్కనీలో బట్టలు తీస్తుంటే క్లిప్పులు అందిస్తానని వచ్చారు. సాయంత్రం క్లాసుకి దిగకుండా పేపరు పట్టుకుని, నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలో కూర్చున్నారు. నేను కూరగాయల సంచి తీసుకుని గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాను.

“ఎక్కడికి?” అన్నారు.

“ఎస్.ఆర్. నగర్. వంకాయలకి.”

“ఎంతసేపట్లో వస్తావు?”

పెళ్లయిన దగ్గర నుంచి ఆయన నన్ను ఆ మాట అడగలేదు. వెళ్తే వెళ్లానని తెలియదు, వస్తే టీ ఏదని అడిగేవారు. నేను గడప దాటితే ఒక్కరైనా బెంగపడాలని ఆ వానాకాలమంతా ఎంత తపించిపోయానో నాకే తెలుసు. తీరా బెంగపడింది మీసాలు నెరిసిన ఈ మనిషి. పేపరు వెనకాల మొహం దాచుకుని ముక్కు ఎగబీలుస్తున్నారు. సంచి కింద పడేసి వెళ్లి పక్కన కూర్చున్నాను. ఎవరు ముందు మొదలుపెట్టామో తెలియదు, ఇద్దరం గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాం.

“వెళ్లను లెండి,” అన్నాను చివరికి. “ఉన్నవాటితోనే వండుతాను.”